రాట్చెట్ క్రింపింగ్ టూల్: ఎర్ర, నీలం థింబుల్స్‌కి మంచిదే, పసుపువాటికి మాత్రం వద్దు

మాది మిర్యాలగూడ, ఇరవై ఏండ్ల సంది ట్రాక్టర్లు, హార్వెస్టర్ల వైరింగ్ పని చేస్తున్న. తెల్సిన సార్ ఒకాయన రిటైరైనంక రైస్ మిల్లు వెనక ఖాళీ గోదాం కిరాయికి తీస్కొని అండ్ల రెండు సీట్ల చిన్న విమానం కిట్టు బిగిస్తుండు, వైరింగ్‌కి నన్ను పిలిచిండు. నేను రోజూ వాడే కటింగ్ ప్లేయర్ పట్టుకొని పోయి ఒక థింబుల్, అంటే వైరు కొసకు తొడిగి నొక్కే రాగి తొడుగు, నొక్కి చూపించిన. ఆయన ఏమనలే, వైరు వేలికి చుట్టుకొని ఒక్క గుంజు గుంజిండు, వైరు ఆయన చేతిల, థింబుల్ నా చేతిల. ఇజ్జత్ పోయినట్టయింది.

అందుకే థింబుల్స్ నొక్కే ఈ రాట్చెట్ టూల్ తెప్పించినం, రెండు వేలకు కొంచెం తక్కువ పడ్డది. మొదలు వచ్చిన పీసుల పై పన్ను, కింద పన్ను సక్కగ కలుస్తలెవ్వు, థింబుల్ పక్కలకు చెవులు లేస్తున్నయి, అమ్మినోళ్లు మార్చియ్యనీకి పది రోజులు తిప్పించుకున్నరు. అందుకే ఒక స్టార్ తీసేసిన.

రెండో పీసు మాత్రం మంచిగుంది. పూర్తిగ నొక్కుడు అయ్యేదాక తెరుచుకోదు కాబట్టి సగం నొక్కి వదిలేసే ముచ్చటే లేదు. ఒక్క నొక్కుకు రెండు కాట్లు పడుతయి, ఒకటి రాగి మీద, ఇంకోటి ఇన్సులేషన్ మీద. టూల్ తిరగేసి పట్టుకుంటే ఈ రెండూ అటుదిటు అయితయి, చూసుకోవాలె. సార్ ఎర్ర థింబుల్ల పట్టే 22 గేజ్ సన్న వైరుకు 15 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర ఏడు కిలోలు ఆగాలె అన్నడు. మిల్లు కాంటా మీద ఏడు కిలోల బియ్యం తూచి సంచి కట్టి దూలానికి ఏలాడదీసినం, ఐదిట్ల ఐదు ఆగినయి. పసుపు థింబుల్స్ల మాత్రం, అంటే లావుగుండే 12, 10 గేజ్ వైర్లవి, ఐదిట్ల రెండు చేతితో గుంజితేనే జారినయి. బ్యాటరీ కేబుల్‌కైతే ఇది పనికే రాదు, దానికి హైడ్రాలిక్‌ది కావాలె.

నేను సోల్డరింగ్ కూడ చేస్తే ఇంకా గట్టిగుంటది కద సార్ అన్న. వద్దన్నడు, సోల్డర్ పోగుల మధ్యలకెళ్లి లోపలికి పాకి వైరు పుల్ల లెక్క అయితది, సోల్డర్ అయిపోయే కాడ వణుకుడుకు తెగుతదట. ఈ విమానంది రోటాక్స్ 912 ఇంజన్, 5800 ఆర్‌పీఎం దాక తిరుగుతది మరి. హార్వెస్టర్లల నేను సోల్డర్ చేసిన వైర్లు సరిగ్గ అక్కడ్నే తెగుతుండె, ఇన్నేండ్లు నాసిరకం వైరు అనుకొని కంపెనీవోన్ని తిట్టిన.

ఇంజన్ ఆఫ్ చేసే వైరు సంగతి వింటే నాకు భయమైంది, స్విచ్ ఆఫ్ చేస్తే ఆ వైరు బాడీకి ఎర్త్ అయి ప్లగ్గులల్ల స్పార్క్ పుట్టుడు ఆగుతది, అంటే థింబుల్ ఊడిందంటే స్విచ్ కొట్టినా ఇంజన్ ఆగది. అవి మాత్రం రెండు సార్లు గుంజి చూసినం.

వైరు కూడ మామూలు పీవీసీది కాదు, టెఫ్‌జెల్ అనే ప్లాస్టిక్ పొరది, 150 డిగ్రీల దాక తట్టుకుంటది. పైపొర పలుచగ, గట్టిగ ఉంటది, మన స్ట్రిప్పర్‌తో ఒలిస్తే పోగులు కూడ తెగుతయి. 22 గేజ్‌ల 19 పోగులుండాలె, నేను ఒలిచిన మొదటిదాంట్ల లెక్కపెడితే పదహారే ఉన్నయి. స్ట్రిప్పర్ వేరే కొనాల్సొచ్చింది, ఆ ఖర్చు కూడ లెక్కేస్కోండ్రి.

ఇంకోటి, నొక్కుతుంటే మధ్యల ఇరుక్కుంటే గాబరా పడకుండ్రి, హ్యాండిల్స్ నడుమ చిన్న లివర్ ఉంటది, అది జరిపితే తెరుచుకుంటది. నేను తెల్వక మొదటి దినం స్క్రూలన్నీ ఊడదీసిన.