ఇంటి లోను నోటీసు వచ్చాక: బ్యాంకును అడగడమా, డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) వెళ్లడమా, మనమే అమ్ముకోవడమా?

మా బాబాయి, బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని బ్యాంకు పంపే సర్ఫేసీ నోటీసు వచ్చినప్పుడు చదవలేదు. సంతకం పెట్టి తీసుకుని, కవరు చింపకుండా స్కూటర్ డిక్కీలో పడేశాడు. పిన్నికి తెలిస్తే టెన్షన్ పడుతుందని. అది మా కంటపడేసరికి 60 రోజుల గడువులో 40 రోజులు అయిపోయాయి. ఆ రాత్రి ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. కోర్టుకెళ్లి స్టే తెద్దామని అన్నయ్య, మేనేజరు కాళ్లు పట్టుకుందామని మావయ్య, ఇల్లు అమ్మేసి బయటపడదామని పిన్ని. నేను మావయ్య పక్షం. తర్వాత చట్టం చదివాక తెలిసింది, ముగ్గురిలో లెక్క సరిగ్గా వేసింది పిన్నే అని.

ముందు ఒక మాట. మన బ్యాంకుల్లో ‘ఫోర్‌క్లోజర్’ అంటే లోను ముందే కట్టేసి మూసేయడం, సంతోషపడే విషయం. అమెరికాలో ఉన్న మనవాళ్లు అదే మాట అంటే ఇల్లు పోతోందని అర్థం. ఇక్కడ ఆ పని చేసేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత సెక్షన్ 13(2) కింద 60 రోజుల నోటీసు. అప్పటికీ కట్టకపోతే బ్యాంకు ముందుగా ఏ కోర్టుకూ వెళ్లకుండానే ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు. సివిల్ కోర్టులో దావా వేసి అడ్డుకుందామంటే సెక్షన్ 34 ఆ తలుపు మూసేసింది.

మావయ్య దారి, అంటే బ్యాంకును అడగడం, అన్నిటికంటే చవక. కానీ దానికి వేళ ఉంది. నోటీసు రాకముందు, ఖాతా ఎన్‌పీఏ కాకముందు వెళితే మాట చెల్లుతుంది. ఎన్‌పీఏ అయ్యాక అది మళ్లీ మామూలు ఖాతా కావాలంటే పేరుకున్న బాకీ మొత్తం, అసలూ వడ్డీ రెండూ, కట్టి తీరాలని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో స్పష్టం చేసింది. రెండు వాయిదాలు కట్టి ‘ఏదో సర్దుకుంటారులే’ అనుకుంటే కుదరదు.

చాలామంది లోను గడువు పెంచమని అడుగుతారు. లెక్క వేసి చూడండి. 30 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లయితే ఈఎంఐ సుమారు 27,000. దాన్ని 25 ఏళ్లకు పొడిగిస్తే 25,200. ఏకంగా 30 ఏళ్లకు లాగినా 24,100 పైమాటే. జీతం సగానికి పడిపోయిన మనిషికి ఈ మూడు వేలు ఏ మూలకి? ఆరు నెలలు వాయిదాలు ఆపమంటే నిజంగా ఊపిరి ఆడుతుంది. కానీ ఆ ఆరు నెలల వడ్డీ, సుమారు 1,37,000, అసలుకు చేరుతుంది. ఉద్యోగం పోయి నాలుగు నెలల్లో ఇంకోటి దొరికే వాడికి ఇది మంచి బేరం. వ్యాపారం మూతపడిన మా బాబాయి లాంటి వాడికి ఇది ఉరితాడును కాస్త పొడుగు చేసుకోవడమే.

నోటీసు వచ్చాక కూడా బ్యాంకుకు రాసుకునే హక్కు ఉంది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో, అప్పుదారు అభ్యంతరాలను బ్యాంకు పరిశీలించి జవాబివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 13(3ఎ) చేర్చారు. మనం అభ్యంతరం రాస్తే, ఒప్పుకోకపోతే కారణాలతో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాకు వచ్చిన జవాబు నాలుగు లైన్లు. అయినా రాయండి, మున్ముందు ఆ కాగితమే పనికొస్తుంది.

ఓటీఎస్ సంగతి క్లుప్తంగా. ఒకేసారి ఇంత కడతాం, మిగతాది వదిలేయండి అనడం. అది మన హక్కు కాదు. బ్యాంకును ఓటీఎస్ ఇవ్వమని కోర్టులు ఆదేశించలేవని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా సిబిల్ క్రెడిట్ రికార్డులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. చేతిలో రొక్కం ఉన్నవాళ్ల దారి ఇది. రొక్కమే ఉంటే మనకీ గొడవెందుకు?

ఇక అన్నయ్య దారి. బ్యాంకు మీద కోర్టుకెళ్లడం వినడానికి బాగుంటుంది. వేయాల్సింది డీఆర్‌టీలో, మనకు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. అన్నయ్యకు తెలియని సంగతేంటంటే, 60 రోజుల గడువు నడుస్తుండగా ఆ తలుపు తెరుచుకోదు. మన అభ్యంతరాన్ని బ్యాంకు తోసిపుచ్చినా సరే. బ్యాంకు స్వాధీనం దాకా వచ్చాకే, అంటే గుమ్మం మీద పొసెషన్ నోటీసు అతికించాకే, సెక్షన్ 17 కింద 45 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. 30 లక్షల బాకీకి ఫీజు 10,000 దాకా. వకీలు ఫీజు వేరే.

గెలిచే కేసులు ఉన్నాయి. మిగిలిన బాకీ, అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం లోపే ఉంటే ఈ చట్టం వర్తించదు. నోటీసు సరిగ్గా అందించకపోయినా, రెండు పత్రికల్లో (ఒకటి స్థానిక భాషలో) ప్రకటన ఇవ్వకపోయినా, వేలానికి 30 రోజుల ముందు మనకు చెప్పకపోయినా పట్టు దొరుకుతుంది. బ్యాంకు చర్య చెల్లదని తేలితే ఇల్లు తిరిగి ఇప్పించే అధికారం డీఆర్‌టీకి ఉంది. అలాంటి తప్పేదీ లేకుండా కేవలం టైము కోసం వెళితే మాత్రం, చాలాసార్లు స్టే వస్తుంది, బాకీలో ఇంత శాతం కట్టమనే షరతుతో. అది కట్టగలిగితే ఇంత దూరం వచ్చేవాళ్లమా? ఓడితే అప్పీలు కలకత్తాలోని డీఆర్‌ఏటీ అనే అప్పీళ్ల ట్రిబ్యునల్‌లో. అక్కడ బాకీలో సగం ముందే జమ చేయాలి. దయతలిస్తే పావు వంతుకు తగ్గిస్తారు, అంతకంటే తగ్గించే అధికారం వాళ్లకూ లేదు. హైకోర్టులో రిట్ వేద్దామని ఎవరైనా అంటే, డీఆర్‌టీ ఉండగా ఇలాంటి రిట్లు తీసుకోవద్దని 2010లోనే సుప్రీంకోర్టు హెచ్చరించిందని చెప్పండి.

నా లెక్కలో డీఆర్‌టీ బ్యాంకు తప్పు చేసిన వాళ్లకే. డబ్బు లేని వాళ్లకు కాదు.

పిన్ని మాట, మనమే అమ్ముకోవడం, ఓటమిలా అనిపిస్తుంది. చుట్టాలు ఏమంటారోనన్న బెంగ. కానీ వేలంతో పోల్చి చూడండి. వేలానికి వచ్చేవాడు చవక కోసం వస్తాడు. లోపల మనుషులున్న ఇంటికి ఇంకా తక్కువ పలుకుతుంది. అమ్మగా బాకీ, ఖర్చులు పోను మిగిలింది మనకే ఇవ్వాలని చట్టంలో ఉంది, నిజమే. చాలకపోతే మిగతా బాకీ కోసం బ్యాంకు మన వెంట పడుతుందన్నదీ చట్టంలోనే ఉంది, హామీ పెట్టిన వాళ్లతో సహా. తాళాలు బ్యాంకు ముందు పడేసి వెళ్లిపోతే అప్పు తీరినట్టు కాదు. మనమే కొనేవాడిని వెతుక్కుంటే బజారు ధర అడగొచ్చు.

ఒక మెలిక ఉంది. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు. ఎంఓడీ (ఇంటి పత్రాలు తనఖా పెట్టినట్టు రాసిన కాగితం) రిజిస్టర్ అయి ఉంటే ఈసీలో (ఆస్తి మీద ఉన్న భారాలు చూపే సర్టిఫికెట్) కనిపిస్తుంది కాబట్టి కొనేవాడి దగ్గర దాచడమూ కుదరదు. అందుకని ముందు బ్యాంకు నుంచి బాకీ ఎంతో రాయించుకుని, అనుమతి లేఖ తీసుకుని, కొనేవాడి డబ్బు నేరుగా లోను ఖాతాలో పడేలా అగ్రిమెంటు రాసుకోవాలి. బాకీ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం అని 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఉంది.

దీనికీ గడువుంది, అదే అందరూ పోగొట్టుకునేది. 2016కు ముందు వేలం రోజు దాకా బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. సవరణ తర్వాత వేలం ప్రకటన పత్రికలో పడే లోపే కట్టాలి. 2023లో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. పేపర్లో మన ఇంటి నంబరు చూసి అప్పుడు కొనేవాడి కోసం పరిగెత్తితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

బాబాయి ఇల్లు పొసెషన్ నోటీసు అతికించిన రెండో నెలలో అమ్ముడుపోయింది, వేలం ప్రకటన ఇంకా పడలేదు. బాకీ పోను మిగిలింది పిన్ని పేరు మీద డిపాజిట్ వేశారు. అదే పేటలో అద్దెకుంటున్నారు. పిన్ని మాత్రం ఇప్పటికీ గుడికి వెనక వీధి నుంచే వెళుతుంది, ఆ ఇంటి ముందు నుంచి వెళ్లదు.