స్టిల్ కెమెరాలో సినిమా ఫిల్మ్: ఆరేళ్లు, 130 రోల్స్ వాడాక

500టి అనే సినిమా ఫిల్మ్ డబ్బా మీద దాని స్పీడ్, అంటే వెలుతురుకి ఎంత చురుకో చెప్పే అంకె, 500 అని రాసి ఉంటుంది. ఆ అంకెనే నమ్మి, వెలుతురు కొలిచే మీటర్‌ని 500 దగ్గర పెట్టి తీసిన మొదటి ఎనిమిది రోల్స్‌లో వెలుగు పడ్డ చోట్లు బాగానే వచ్చాయి కానీ, నీడలన్నీ పొగచూరినట్టు ఉన్నాయి. తొమ్మిదో రోల్‌కి మీటర్‌ని 320కి దించి, వెలుగులో ఉన్న ముఖం మీద కాకుండా నీడలో ఉన్న గోడ మీద కొలిచాను. అదే గది, అదే బల్బు, అదే లెన్స్. స్కాన్ చేసి చూస్తే మూలనున్న చెక్క బీరువా మీది గీతలు కూడా కనిపించాయి. ఈ ఫిల్మ్‌తో నాకు పొత్తు కుదిరింది ఆ రోజే.

నేను వాడింది ఎక్కువగా కొడాక్ విజన్3 500టి, అంటే 5219. తర్వాత 250డి, నలుపు తెలుపులో డబుల్-ఎక్స్ 5222. 50డి ఓ పది రోల్స్, 200టి నాలుగైదు. టి అంటే బల్బు వెలుతురుకి, డి అంటే పగటి వెలుతురుకి. అన్నీ సినిమా కెమెరాల కోసం తయారైన 35 ఎంఎం నెగటివ్‌లే. పెద్ద డబ్బాల్లో కొని, కోసి, మామూలు క్యాసెట్లలోకి నేనే చుట్టుకున్నాను.

సినిమా ఫిల్మ్‌ని స్టిల్ కెమెరాలో వాడటం కొత్త ప్రయోగం అనుకునేవాళ్లున్నారు. నిజానికి 35 ఎంఎం స్టిల్ కెమెరా పుట్టిందే సినిమా ఫిల్మ్ మీద. ఆస్కర్ బర్నాక్ సినిమా ఫ్రేమ్‌ని రెండింతలు చేసి 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమ్ పెట్టాడు. ఆ లైకా 1925లో మార్కెట్‌లోకి వచ్చింది. సినిమా కెమెరాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది, మామూలుగా ఒక్కో ఫ్రేమ్‌కి నాలుగు రంధ్రాలు. మన కెమెరాలో అడ్డంగా నడుస్తుంది, ఫ్రేమ్‌కి ఎనిమిది. ఆ లెక్కన మన 36 ఫొటోల రోల్ సినిమాలో సరిగ్గా మూడు సెకన్లు. వాళ్లు మూడు సెకన్లలో తిప్పేసేదాన్ని నేను ఒక్కోసారి మూడు వారాలు దాచుకుని తీస్తాను. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా షటర్ మీద వేలు కాస్త నెమ్మదిస్తుంది.

ఇక ఎక్స్‌పోజర్ సంగతి. చెప్పాల్సింది ఎక్కువ ఉన్నది ఇక్కడే. సినిమా నెగటివ్‌ని కావాలనే తక్కువ కాంట్రాస్ట్‌తో తయారు చేస్తారు. ఎందుకంటే దాన్నుంచి థియేటర్ ప్రింట్ తీసే పాజిటివ్ ఫిల్మ్‌కి కాంట్రాస్ట్ చాలా ఎక్కువ. అందుకే ఈ నెగటివ్ వెలుగునీ నీడనీ చాలా దూరం వరకు పట్టుకోగలదు. అయితే ఆ దూరం రెండు వైపులా సమానంగా లేదు. రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెండింతలు) ఎక్కువ పడినా ఏమీ అనదు. ఒక్క స్టాప్ తక్కువ పడితే మాత్రం నీడల్లో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టుండే రేణువులు, లేస్తుంది, నలుపు నలుపుగా ఉండదు. స్కాన్‌లో ఎంత లాగినా నెగటివ్ మీద లేనిది రాదు.

కాబట్టి నా అంకెలు ఇవీ: బల్బుల వెలుతురులో 500టిని 320 లేదా 400 దగ్గర, 250డిని ఎండలో 160 దగ్గర, 50డిని 32 నుంచి 40 మధ్య. ముఖ్యమైనది అంకె కంటే మీటర్‌ని ఎక్కడ చూపిస్తున్నామన్నది. ఫ్రేమ్‌లో దీపాలు కనిపిస్తుంటే కెమెరా మీటర్ వాటిని చూసి భయపడి వెలుతురు తగ్గించేస్తుంది. నేను దీపాలు లేని వైపు తిప్పి, నీడలో కొలిచి, దానికి ఒక స్టాప్ తగ్గించి తీస్తాను. కెమెరా సొంతంగా చెప్పేదానికంటే ఇది ఎప్పుడూ ఎక్కువ వెలుతురే ఇస్తుంది.

ఈ ఫిల్మ్ మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం ఒక ఫొటో. సాయంత్రం పొద్దు వాలాక, ఇంకా పూర్తిగా చీకటి పడకముందు, అమ్మ కిటికీ పక్కన కూర్చుని జాకెట్‌కి హుక్కులు కుడుతోంది. తల మీద ఒకే ఒక్క పాతకాలపు ఫిలమెంట్ బల్బు. మీటర్ 400, ఎపర్చర్ 2, షటర్ సెకనులో 30వ వంతు, మోచేతులు బల్ల మీద ఆనించి తీశాను. 500టి అలాంటి బల్బుల వెలుతురుకే తయారైన ఫిల్మ్, వెలుతురు రంగుని కొలిచే లెక్కలో 3200 కెల్విన్‌కి. అందుకే అమ్మ చేతులు, దారం, నెరిసిన జుట్టు అన్నీ కంటికి కనిపించిన రంగులోనే వచ్చాయి. కిటికీ అవతలి ఆకాశం మాత్రం చిక్కటి నీలం. డేలైట్ ఫిల్మ్‌తో తీసి ఉంటే ఆకాశం మామూలుగా వచ్చేది, అమ్మ మొత్తం పసుపు నారింజ అయ్యేది. ఏ సర్దుబాటూ లేకుండా నెగటివ్‌లోనే ఉన్న ఆ తేడా కోసమే ఇంత కష్టమూ పడుతున్నాను.

మరి 500టిని పగలు వాడొచ్చా? వాడొచ్చు, కానీ నాకు నచ్చదు. బల్బు వెలుతురులో నీలం తక్కువ కాబట్టి ఈ ఫిల్మ్‌లో నీలం పొరని ఎక్కువ చురుకుగా చేస్తారు. ఎండలో నీలం దండిగా ఉంటుంది. దాంతో ఆ పొర నిండిపోతుంది, ఎరుపు పొరకి చాలినంత అందదు. స్కాన్‌లో రంగు సరిచేసినా నీడల్లో ఒక నీలి ఆకుపచ్చ ఛాయ మిగిలిపోతుంది. నారింజ రంగు 85 ఫిల్టర్ పెడితే ఈ గొడవ పోతుంది. అప్పుడు కొడాక్ చెప్పే స్పీడ్ 320. ఇక్కడ చాలామంది తికమకపడతారు. చేతి మీటర్‌తో కొలిస్తేనే 320 పెట్టాలి. లెన్స్ లోంచి కొలిచే కెమెరా అయితే ఫిల్టర్ తినే వెలుతురుని అది ముందే లెక్కేస్తుంది, అప్పుడు ఫిల్టర్ లేనప్పటి అంకెనే ఉంచాలి. ఫిల్టర్ లేకుండా తీయక తప్పకపోతే 200 దగ్గర పెట్టండి, ఎరుపు పొరకి కాస్త ఊపిరి అందుతుంది. నా పాత కెమెరాలో షటర్ 500వ వంతుకి మించి పోదు. మిట్టమధ్యాహ్నం ఎపర్చర్ 11 దగ్గరికి తోసుకుపోతుంది, ఇక లెన్స్ తెరిచి తీసే ముచ్చట తీరదు. పగటికి 250డి తీసుకోవడమే సుఖం. మంచి ఎండ ఉందనుకుంటే 50డి. దాని గ్రెయిన్ భూతద్దంతో వెతికితే గానీ దొరకదు. 200టి నా చేతికి పెద్దగా కలిసిరాలేదు. పగటికి ఫిల్టర్ కావాలి, రాత్రికి స్పీడ్ చాలదు.

చుట్టుకోవడం గురించి. డబ్బాలో 400 అడుగులు ఉంటుంది, దాదాపు 122 మీటర్లు. 36 ఫొటోలకి మొదలూ చివరా కలిపి అయిదున్నర అడుగులు పడుతుంది, అంటే డబ్బాకి 70 రోల్స్ పైనే. కానీ ఫిల్మ్‌ని క్యాసెట్‌లోకి చుట్టే మామూలు లోడర్‌లో 100 అడుగులే పడుతుంది. అందుకని చిమ్మచీకట్లో నాలుగు ముక్కలు చేయాలి. మొదటి డబ్బా విప్పినప్పుడు చుట్టని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని లేపాను. మధ్యలోది గరాటులా కిందికి జారిపోయింది. చీకట్లో, కంటికి ఏమీ కనపడకుండా, 400 అడుగుల ఫిల్మ్ ఒళ్లో పడితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో చెప్పలేను. దాన్ని మళ్లీ చుట్టడానికి గంటన్నర పట్టింది, ఓ 30 అడుగులు గీతలు పడి పోయాయి. అప్పట్నుంచి అరచేతిని చుట్ట కింద, మధ్యలో ఉండే ప్లాస్టిక్ కోర్‌కి ఆనించకుండా లేపను.

క్యాసెట్లు ఒక్కోటీ నాలుగైదు సార్లకి మించి వాడకండి. నోటి దగ్గర ఉండే మఖమల్ గుడ్డలో ఒక్క ఇసుక రేణువు చిక్కుకుంటే రోల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా ఒక గీత పడుతుంది. క్యాసెట్ మీద స్పీడ్ చెప్పే కోడ్ లేకపోతే ఆటోమేటిక్ కెమెరాలు చాలావరకు 100 అనుకుంటాయి, కాబట్టి చేత్తో స్పీడ్ మార్చుకునే కెమెరా ఉండాలి. ఫిల్మ్ అంచున మనకి అలవాటైన ఫ్రేమ్ నంబర్లు కూడా ఉండవు, అడుగుకోసారి సినిమా ఎడిటింగ్‌కి పనికొచ్చే కీ నంబర్లు ఉంటాయి. ఇంకో జాగ్రత్త: చవకగా దొరుకుతోందని థియేటర్ ప్రింట్ల ఫిల్మ్ కొని ఇదే అనుకోకండి. అది పాలియెస్టర్, లాగితే తెగదు. రోల్ చివర బిగుసుకున్నప్పుడు గట్టిగా తిప్పితే ఫిల్మ్ బదులు కెమెరాలో పళ్లచక్రాలు దెబ్బతింటాయి.

షూటింగ్‌లో మిగిలిన తుక్డాలు అమ్ముతుంటారు. ఒకసారి అలా కొన్న 200 అడుగుల డబ్బా మొత్తం ఫాగ్ అయిపోయి, అంటే తీయకముందే మసకబారిపోయి ఉంది. అమ్మినవాళ్లు ఫ్రిజ్‌లోనే ఉంచామన్నారు. ఇప్పుడు ఏ డబ్బా వచ్చినా ముందు ఒక అడుగు కోసి, కెమెరాలో పెట్టకుండానే డెవలప్ చేసి, కొత్త ఫిల్మ్ అంచు పక్కన పెట్టి చూస్తాను. ముదురుగా కనిపిస్తే ఆ డబ్బా నాకొద్దు.

ఇప్పుడు అందరూ భయపడే రెమ్‌జెట్. రంగు సినిమా నెగటివ్ వెనుక వైపు పూసిన నల్లటి కార్బన్ పొర అది. దీపాల వెలుతురు ఫిల్మ్‌ని దాటి వెళ్లి వెనక్కి కొట్టకుండా ఆపుతుంది. కెమెరాలో వేగంగా పరుగెత్తేటప్పుడు గీతలు పడకుండా, స్టాటిక్ కరెంటు మెరుపులు రాకుండా చూస్తుంది. డెవలపర్ పోసే ముందు దాన్ని వదిలించాలి. నేను బోరాక్స్ కలిపిన గోరువెచ్చని నీళ్లు ట్యాంకులో పోసి కాసేపు నాననిచ్చి, ఆనక అర నిమిషం గట్టిగా ఊపుతాను. వంచితే కాటుక కరిగినట్టు నల్లగా కారుతుంది. మళ్లీ మామూలు నీళ్లు పోసి ఊపడం, వంచడం. నాలుగోసారికో అయిదోసారికో నీళ్లు తేటపడతాయి. అయినా కొంచెం అంటుకునే ఉంటుంది. చివరి కడుగుడులో ఫిల్మ్ బయటికి తీసి, తడి స్పాంజితో వెనుక వైపు మాత్రమే, పై నుంచి కిందికి ఒకే పట్టున తుడుస్తాను. ముందు వైపుకి ఆ నలుసు అంటిందంటే ఎండాక వదలదు, ఫొటోలో తెల్ల చుక్కగా మిగిలిపోతుంది. మొదటి ఏడాది రోల్స్‌లో అలాంటి చుక్కలు చాలా ఉన్నాయి. ఇప్పుడు రోల్‌కి ఒకటో రెండో.

డెవలప్ చేయడానికి దీని అసలు కెమిస్ట్రీ ఈసీఎన్-2. డెవలపర్ 41.1 డిగ్రీల సెల్సియస్‌లో, మూడు నిమిషాలు. మూడు నిమిషాల్లో పది సెకన్ల తేడా కూడా నెగటివ్‌లో తెలుస్తుంది, అందుకే పోసే టైమూ వంచే టైమూ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మొదట్లో నేను రెమ్‌జెట్ తీసి మామూలు కలర్ నెగటివ్‌లా సీ-41లో చేసేవాణ్ణి. ఫొటోలు వచ్చేవి, కాంట్రాస్ట్ కూడా చూడగానే బాగుందనిపించేది. కానీ రెండింటి డెవలపింగ్ ఏజెంట్ ఒకటి కాదు. ఈసీఎన్-2లో ఉండేది సీడీ-3, సీ-41లో సీడీ-4. దాంతో నీడలు ఒక రంగుకీ వెలుగులు ఇంకో రంగుకీ లాగేవి, ఒకటి సరిచేస్తే రెండోది చెడేది. ముఖాల మీద ఇది మరీ తెలిసేది. సొంత కెమిస్ట్రీకి మారాక ఆ పోరు లేదు. మీరు డెవలప్ చేసుకోకపోతే ఈసీఎన్-2 చేసే ల్యాబ్‌కే పంపండి. చెప్పకుండా మామూలు ల్యాబ్‌లో ఇవ్వకండి. ఆ నల్ల పొర మెషిన్ రోలర్లకి అంటుకుని, తర్వాత వచ్చే వాళ్ల పెళ్లి ఫొటోలూ పిల్లల ఫొటోలూ పాడవుతాయి.

రెమ్‌జెట్ ముందే తీసేసి అమ్మే రోల్స్ కూడా వాడాను. వాటిని ఏ ల్యాబ్‌లోనైనా సీ-41లో చేయించుకోవచ్చు. ఆపేవాళ్లు లేరు కాబట్టి వెలుతురు ఫిల్మ్ వెనుక నుంచి తిరిగి కొడుతుంది. అడుగున ఉండే పొర ఎరుపుది గనుక, వీధి దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు వలయం వస్తుంది. అది ఇష్టమైన వాళ్లు చాలామంది. నాకు ఒకటి రెండు ఫొటోల్లో బాగుంది, రోల్ మొత్తం చూస్తే కళ్లు అలసిపోయాయి. 2025 నుంచి కొడాక్ విజన్3 ఫిల్మ్‌ని రెమ్‌జెట్ లేకుండా, అదే పని చేసే పొరని ఎమల్షన్ (వెలుతురుని పట్టే పూత) కింద పెట్టి తేవడం మొదలుపెట్టింది. ఆ పొర డెవలపింగ్‌లోనే పోతుంది. నేను పైన రాసిందంతా పాత నల్ల పొర ఉన్న ఫిల్మ్ గురించి.

స్కాన్ తెరిచిన వెంటనే నిరుత్సాహపడకండి. చప్పగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. అది లోపం కాదు, అంతా అందులోనే ఉంది, కాంట్రాస్ట్ మీరు పెంచుకోవాలి. డార్క్‌రూమ్‌లో నేరుగా కలర్ పేపర్ మీద ప్రింట్ తీసేవాళ్లకి మాత్రం ఈ చప్పదనం నిజమైన ఇబ్బందే.

ఇవన్నీ చదివి జంకితే డబుల్-ఎక్స్‌తో మొదలుపెట్టండి. 1959 నుంచి ఉన్న ఫిల్మ్, రెమ్‌జెట్ లేదు, ఇంట్లో ఉన్న డి-76 అనే నలుపు తెలుపు డెవలపర్‌లోనే చేసుకోవచ్చు. ఎండలో 250, బల్బుల్లో 200 అని దాని లెక్క. నేను రెండు చోట్లా 200 పెట్టేస్తాను. చర్మం మీద పడ్డ పక్క వెలుతురు ఇందులో ఎంత గట్టిగా, ఎంత నిండుగా వస్తుందో నేను వాడిన ఇంకే నలుపు తెలుపు ఫిల్మ్‌లోనూ చూడలేదు.

500టితోనే మొదలుపెడతామంటే మొదటి క్యాసెట్‌లో పన్నెండు ఫ్రేములే చుట్టుకోండి. సగం నీడ, సగం బల్బు వెలుగు ఉన్న ఒక మూల చూసుకుని, కెమెరా స్టాండ్ మీద పెట్టి 500, 320, 200, 100 దగ్గర ఒక్కోటీ తీయండి. డెవలప్ చేశాక స్కాన్ చేయకముందే నెగటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. నీడలో ఉన్న వస్తువుల అంచులు ఏ ఫ్రేమ్ నుంచి విడివిడిగా కనిపిస్తున్నాయో చూసి, ఆ అంకెని డబ్బా మీద మార్కర్‌తో రాసుకోండి. నా డబ్బా మీద 320 అని ఉంది.