పద్మినికి పాత సోలెక్సా, మారుతి కార్బరేటరా?

నా పాత ప్రీమియర్ పద్మిని కారుని రెస్టోర్ చేయిస్తున్నానని చెప్పుకున్న రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. "పాత సోలెక్స్ కార్బరేటర్ ఎందుకు, మారుతి 800ది వేసేస్తే పోలేదా?" గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి పంపేదే కార్బరేటర్. పోయిన నెలలోనే ముగ్గురు అడిగారు. నేను రెండూ వేసి నడిపాను కాబట్టి చెబుతున్నాను.

నాది 1978 బండి. 1089 సీసీ ఇంజిన్, దాని మీద సోలెక్స్ ఎం32 పీబీఐసీ. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఓసారి చచ్చిపోబోయేది, మళ్లీ ఉలిక్కిపడి లేచేది. కార్బరేటర్ రిపేరు కిట్ రెండుసార్లు మార్పించినా అదే కథ. "దీని పని అయిపోయింది సార్, మారుతిది వేద్దాం. మైలేజీ కూడా పెరుగుద్ది" అన్నాడు మెకానిక్. సరేనన్నాను.

మారుతిది పద్మిని మేనిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం) మీద నేరుగా కూర్చోదు. ఆటోనగర్‌లో లేత్ మీద అల్యూమినియం అడాప్టర్ ప్లేటు చేయించాం. కడ్డీల యాక్సిలరేటర్‌ని తీగకు మార్చాం. ఎయిర్ క్లీనర్‌కి వేరే ఏర్పాటు. వాడని వ్యాక్యూమ్ గొట్టాలన్నిటికీ రబ్బరు మూతలు పెట్టాం, అందులో ఒకటి నెల తిరక్కుండానే చిట్లింది.

అయినా నడిచినన్నాళ్లు హాయిగా నడిచింది, కాదనను. దానికి రెండు బ్యారెళ్లు, అంటే గాలి వెళ్లే దారులు రెండు. మామూలుగా మొదటిదే పనిచేస్తుంది, బాగా తొక్కితేనే రెండోది తెరుచుకుంటుంది. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు పెడల్ మెత్తగా ఉంటుంది, పెట్రోలూ కాస్త తక్కువ తాగుతుంది. 796 సీసీ ఇంజిన్‌కి చేసింది 1089కి చాలదు, మిక్చర్ పలచబడిపోతుంది, అంటే గాలిలో పెట్రోలు పాలు తగ్గిపోతుంది అంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు. పెద్ద ఇంజిన్ గాలిని ఎక్కువ లాగితే, ఆ లాగుడుకే పెట్రోలు కూడా ఎక్కువ వస్తుంది. మరీ తొక్కినప్పుడు ఊపిరి చాలదు, అంతే.

రెండు నెలలకి మళ్లీ అదే ఉలికిపాటు. ఈసారి విప్పి, థ్రాటిల్ షాఫ్ట్ (పెడల్ తొక్కితే తిరిగి గాలి తలుపు తెరిచే కడ్డీ) చివర పట్టుకుని ఊపి చూస్తే కటకటమని ఆడింది. అప్పుడు వెలిగింది. మారుతి 800కి కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది 2000 ప్రాంతంలో. అంటే స్క్రాప్‌లో దొరికే కార్బరేటర్‌కి ఎంత లేదన్నా పాతికేళ్లు. కొత్తదనుకుని నేను తెచ్చింది ఇంకో పాతదాన్ని!

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఈ షాఫ్టే. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అది కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. ఆ సందులోంచి పక్కగాలి దూరితే ఇంజిన్ స్లోలో (పెడల్ తొక్కకుండా ఉన్నప్పుడు) నిలబడదు, ఎన్ని స్క్రూలు తిప్పినా అంతే. కిట్‌లో వచ్చేది ప్యాకింగులు, నీడిల్, డయాఫ్రం; అరిగిన రంధ్రానికి అందులో మందు లేదు. చూసుకోవడం తేలిక. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు షాఫ్ట్ రెండు చివర్లా చిక్కటి ఆయిల్ చుక్క వేయండి. కాసేపు శబ్దం కుదుటపడిందంటే దొంగ దొరికినట్టే.

నా సోలెక్స్‌కి అరిగిన రంధ్రాల్లో ఇత్తడి బుష్‌లు (గొట్టంలాంటి తొడుగులు) కొట్టించాను. స్టడ్ నట్లు బిగించి బిగించి కింది ఫ్లాంజ్ (మేనిఫోల్డ్ మీద కూర్చునే అంచు) వంగిపోయి ఉంటే, అద్దం మీద వాటర్ పేపర్ పరిచి రుద్దించాను. ఇదంతా కలిపినా ఆ అడాప్టర్ ప్లేటుకైన ఖర్చులో సగం కాలేదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలుతో ఇంకో చిక్కుంది. 20 శాతం ఇథనాల్ కాబట్టి పాత జెట్లతో (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ముక్కలు) మిక్చర్ దాదాపు 8 శాతం పలచబడుతుంది. సోలెక్స్ జెట్ మీద 115 అని ఉంటే రంధ్రం 1.15 మిల్లీమీటర్లు. దాన్ని 120 చేస్తే వైశాల్యం 9 శాతం పెరుగుతుంది, లెక్క దగ్గర దగ్గరగా సరిపోతుంది. మార్చాక ప్లగ్గులు విప్పి చూశాను. అంతకుముందు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నవి పాలు ఎక్కువైన కాఫీ రంగుకొచ్చాయి. మారుతిదానికీ జెట్లు మార్చొచ్చు, కానీ రెండు బ్యారెళ్లకీ విడివిడిగా కుదర్చాలి. అంత ఓపిక నాకు లేదు. పాత రబ్బరు గొట్టాలు మాత్రం ఏది వేసినా మార్చాల్సిందే.

వెబర్ కంపెనీ కార్బరేటర్ అంటారా, డబ్బుంటే వేసుకోండి, ఈ ఇంజిన్‌కి దండగ. మార్కెట్లో దొరికే డూప్లికేట్ సోలెక్స్ జోలికి వెళ్లొద్దు. బైకు కార్బరేటర్ సంగతి అడక్కండి.

సోలెక్స్ బాడీయే పగిలిపోతే, లేదా బండిని రోజూ ఆఫీసుకి తీసుకెళ్లేవాళ్లయితే మారుతిదే వేసుకోండి, కొనేముందు షాఫ్ట్ ఊపి చూసి మరీ. నాకు ఇంకో ఆశ కూడా ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నా బండికి 2028లో 50 నిండుతాయి. ఆ రోజు బానెట్ ఎత్తితే సోలెక్సే కనబడాలి. మారుతిది ప్లేటుతో సహా అటక మీద ఉంది, ఎవరికైనా కావాలంటే బేరమాడకుండా ఇచ్చేస్తాను.