సగం వృత్తం సముద్రంలోనే: శ్రీకాకుళం నుంచి డేటింగ్ యాప్‌ల ఖర్చు లెక్క

మా కుటుంబంలో పెళ్లికాకుండా మిగిలింది ఇద్దరం. నేనూ, మా పిన్ని కొడుకూ. నాది శ్రీకాకుళంలో ఉద్యోగం, వాడిది విజయనగరంలో. పోయిన వేసవిలో ఒక పెళ్లికి వెళ్తే వచ్చిన ప్రతి చుట్టమూ "ఏటమ్మా, ఇంకెప్పుడు?" అని అడిగారు, ఒకే బంతిలో కూర్చుని అన్నంతో పాటు ఆ మాటలూ తిన్నాం. ఇంటికొచ్చాక వాడే అన్నాడు, "అప్పా, మూడు నెలలు అన్ని యాప్‌లూ వాడి చూద్దాం, ఖర్చు రాసుకుందాం" అని. అలా రాసుకున్న లెక్క ఇది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు రాసిన పోలికలు బోలెడు చదివాను గానీ వాటిలో ఒక్కటీ మన జిల్లాలకు పనికిరాదు, ఎందుకో చెప్తాను.

అసలు సమస్య దూరం. టిండర్ యాప్‌లో ఎంత దూరంలోని వాళ్లు కనబడాలో పెట్టుకునే గీత ఒకటుంటుంది, అది ఎంత లాగినా 160 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వినడానికి చాలా పెద్దదే. కానీ శ్రీకాకుళం నడిమధ్యన పెట్టి ఆ వృత్తం గీసి చూడండి, సుమారు సగం బంగాళాఖాతంలో పడుతుంది. మిగతా సగంలో ఉత్తరాన పర్లాకిమిడి, బరంపురం, వాయవ్యాన రాయగడ వైపు కొండలు. నాకు మొదటి వారం వచ్చిన ప్రొఫైళ్లలో మూడో వంతు ఒడియా వాళ్లవే. వాళ్లతో నాకేమీ పేచీ లేదు, పర్లాకిమిడిలో మాకు చుట్టాలు కూడా ఉన్నారు, కానీ తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవాలని వెతుకుతుంటే ఇలా అవుతుంది. ఇక మిగిలేది విశాఖ. జనం ఉన్నదీ అక్కడే, యాప్ పనిచేసేదీ అక్కడే. అంటే మనం ఏ ప్యాకేజీ కొన్నా నిజంగా కొంటున్నది వంద కిలోమీటర్ల అవతల ఉన్న ఊరిని.

ఇప్పుడు బూస్ట్ అని ఒకటి అమ్ముతారు కదా, అరగంట సేపు మన ప్రొఫైల్‌ని అందరికంటే ముందు చూపిస్తారట. తమ్ముడు విజయనగరంలో ఒక ఆదివారం రాత్రి కొన్నాడు. దూరం దగ్గరలో పెట్టుకుంటే ఊళ్లో ఉన్న ప్రొఫైళ్లన్నీ పది నిమిషాలు వేలు కదిపితే అయిపోతాయి, అక్కడ ముందు వరుస ఏమిటి, వెనక వరుస ఏమిటి? గంటస్తంభం దగ్గర ఒక్క దుకాణమే తెరిచి ఉన్నప్పుడు దాని ముందు లైటు బోర్డు పెట్టినట్టు.

ధరల సంగతి. టిండర్‌లో ప్లస్, గోల్డ్, ప్లాటినం అని మూడు మెట్లు. ప్లస్‌లో నచ్చినవాళ్లకు ఎన్ని లైకులైనా కొట్టుకోవచ్చు, మన లొకేషన్ వేరే ఊరికి మార్చుకోవచ్చు. గోల్డ్‌లో మనల్ని ఎవరు లైక్ చేశారో ముందే కనబడుతుంది, ప్లాటినంలో మ్యాచ్ అవకముందే, అంటే అవతలివాళ్లూ మనల్ని లైక్ చేయకముందే, ఒక ముక్క రాసి పంపొచ్చు. బంబుల్, హింజ్ అనే మిగతా యాప్‌లలో పేర్లు వేరు, మెట్ల పద్ధతి అదే. వారానికి కొంటే రోజు లెక్కన ఎక్కువ, ఆరు నెలలకు కొంటే తక్కువ. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ యాప్‌లలో అందరికీ ఒకే ధర ఉండదు. వయసును బట్టి ధర మార్చినందుకు టిండర్ అమెరికాలో కోర్టుల దాకా వెళ్లింది. కాబట్టి "నాకు ఇంత పడింది" అని స్నేహితుడు చెప్పిన అంకె నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు, మీ ఫోన్‌లో చూపించేదే మీ ధర. పైగా టిండర్, హింజ్, ఓకేక్యూపిడ్ మూడూ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే కంపెనీవి. అంటే ఒకదాని మీద విసిగి ఇంకోదానికి పోయినా డబ్బు చేరేది ఆ ఇంటికే.

నాకైతే ఒక్క రూపాయి కట్టాల్సిన అవసరం రాలేదు. గొప్పకి చెప్పట్లేదు, ఆడపిల్ల ప్రొఫైల్ పెడితే ఎక్కడైనా ఇంతే. మొదటి రెండు రోజుల్లోనే లైకులు 99 ప్లస్ అని చూపించింది, అందరి ముఖాలూ మసకగా. మసక తీయాలంటే గోల్డ్. తీయకపోయినా నష్టం లేదు, ఓపికగా చూసుకుంటూ పోతే వాళ్లే ఎదురొస్తారు. తమ్ముడికి సరిగ్గా రివర్స్. వాడికి మూడు వారాల్లో వచ్చింది నాలుగు లైకులు, ఆ మసక తీయడానికి డబ్బు కట్టాడు, తీస్తే రెండు ఒడిశా, ఒకటి ఖాళీ ప్రొఫైల్, నాలుగోది వాడి కాలేజీ సీనియర్, ఏడిపించడానికి కొట్టింది.

ఫ్రీలో హింజ్ నాకు నచ్చింది. రోజుకి కొన్ని లైకులే ఇస్తారు, అందుకని జనం కాస్త చూసి కొడతారు. ఫోటో మీదో, రాసుకున్న జవాబు మీదో మాట కలపొచ్చు, "హాయ్" దగ్గరే ఆగిపోని సంభాషణలు నాకు అక్కడే జరిగాయి. బంబుల్‌లో ఆడవాళ్లే ముందు పలకరించాలి, అదీ 24 గంటల్లో, లేకపోతే మ్యాచ్ ఎగిరిపోతుంది. 2024 నుంచి మనం ముందే ఒక ప్రశ్న పెట్టేస్తే అబ్బాయిలే దానికి జవాబు రాసే వీలు కూడా ఇచ్చారు, అదొచ్చాక నాకు పని తగ్గింది. తెలుగువాళ్ల కోసమని ఐల్ కంపెనీ "నీతో" అనే యాప్ తెచ్చింది. తెలుగు కావాలనుకునే నాలాంటి వాళ్లకు ఆలోచన బాగుంది, మా వైపు జనం పలచగా తగిలారు.

చిన్న ఊళ్లో డబ్బు పెట్టదగ్గ ఫీచర్ ఏదైనా ఉంటే అది దాక్కునేది. ఏడు రోడ్ల జంక్షన్‌లో రెండు సార్లు తిరిగితే ముగ్గురు తెలిసినవాళ్లు ఎదురయ్యే ఊరు మాది, ఆఫీసులో పక్క సీటాయన నా ప్రొఫైల్ చూస్తే మర్నాటికల్లా అమ్మ దాకా వెళ్తుంది. టిండర్‌లో మన ఫోన్‌లో ఉన్న నంబర్లను బ్లాక్ చేసే వీలు ఉచితంగానే ఉంది, చేరిన రోజే చేసుకోండి. మనం లైక్ చేసినవాళ్లకు మాత్రమే కనబడే ఇన్‌కాగ్నిటో మాత్రం డబ్బు కడితేనే. నేను కట్టలేదు, నంబర్లు బ్లాక్ చేసి ముఖం సగం కనబడే ఫోటో పెట్టాను. అయినా మా వీధిలో కిరాణా కొట్టు అబ్బాయి లైక్ కొట్టాడు. ఇప్పుడు పప్పులు వేరే కొట్లో కొంటున్నాను.

లొకేషన్ మార్చుకోవడం గురించి తమ్ముడి అనుభవం వినండి. హైదరాబాద్ పెట్టుకున్నాడు, మ్యాచ్‌లు వచ్చాయి, మాటలు సాగాయి, "ఎక్కడుంటారు, గచ్చిబౌలా?" అని అడిగితే "విజయనగరం" అన్నాడు, అంతే, అటునుంచి చప్పుడు లేదు. దానికంటే వాడు తర్వాత చేసిన పని తెలివైనది. ఆఫీసు ట్రైనింగ్‌కి విశాఖలో వారం ఉండాల్సి వస్తే ఆ వారానికి మాత్రమే వారం ప్యాకేజీ కొన్నాడు. రోజు లెక్కన ఖరీదే గానీ మొత్తం మీద చవక, ఇద్దరిని కాఫీకి కలిశాడు కూడా. మా మూడు నెలల లెక్కలో డబ్బుకి తగ్గ ఫలితం కనబడిన వారం అదొక్కటే.

ఇక మ్యాట్రిమోనీ. ఇది నేను పెట్టుకోలేదు, నాన్న పెట్టారు, నా ఫోటోతో, తన నంబర్‌తో. ఏ సైట్ అన్నది చెప్పను. అన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే, చేరడం ఉచితం, ఫోన్ నంబర్లు చూడాలంటే డబ్బు, అదీ ప్యాకేజీకి ఇన్ని నంబర్లని లెక్క. డేటింగ్ యాప్‌లో వయసూ దూరమూ అడుగుతారు, ఇక్కడ కులం, శాఖ, గోత్రం, నక్షత్రం, పాదం, జీతం, సొంతిల్లు. నాన్న మూడు నెలలకి నాలుగు వేల పైచిలుకు కట్టారు. నంబర్లు తీసి ఫోన్ చేస్తే ఒకాయన "మా వాడికి ఫిబ్రవరిలో పెళ్లైపోయిందండీ, ప్రొఫైల్ తీయించడం కుదర్లేదు" అన్నాడు, ఆ నంబర్ కూడా మన లెక్కలోంచే పోయింది. ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకుంటే మనకోసం ఒక మేనేజర్‌ని పెడతారట, దాని గురించి వారానికి మూడు ఫోన్లు. మా ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్యలు మాత్రం ముందు తిరుగుడు ఖర్చులు తీసుకుని అసలు డబ్బు సంబంధం కుదిరాకే అడుగుతారు. ఈ ఒక్క విషయంలో పేరయ్యకే నా ఓటు.

అయినా నిజం చెప్పాలంటే, జిల్లాలో ఉన్న అబ్బాయిలు ఎక్కువమంది కనబడింది మ్యాట్రిమోనీలోనే. ఆమదాలవలస, పలాస, బొబ్బిలి, ఇచ్ఛాపురం, అందరూ అక్కడున్నారు. డేటింగ్ యాప్‌లలో వాళ్లు లేరు, ఉన్నా విశాఖ అని రాసుకుంటారు.

డబ్బు పోయే దారి ఇంకొకటి ఉంది, మావాడు అందులో పడ్డాడు. ఒక యాప్ విసుగొచ్చి ఫోన్‌లోంచి తీసేశాడు, చందా ఆగిపోయిందనుకున్నాడు. మరుసటి నెల మళ్లీ డబ్బు కోసుకున్నారు. యాప్ తీసేస్తే చందా ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చెయ్యాలి, యూపీఐ ఆటోపే ఇచ్చి ఉంటే అక్కడ కూడా ఒకసారి చూసుకోవాలి. డబ్బు కోసే ముందు రోజు మెసేజ్ వస్తుంది, వాడికీ వచ్చింది, లోన్ ఆఫరనుకుని చదవలేదు.

యాప్‌లో తగిలిన ఒకమ్మాయి వాడితో మూడు రోజులు బాగా మాట్లాడి నాలుగో రోజు క్రిప్టోలో పెట్టుబడి పెట్టమంది. పెట్టలేదు, వాడి ఖాతాలో అప్పటికే ఏమీ లేదు. మీకు ఎప్పుడైనా ఇలా డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రస్తుతం నా ఫోన్‌లో ఫ్రీ హింజ్ ఒక్కటే ఉంది. తమ్ముడు అన్నీ తీసేశాడు, ఈసారి సరిగ్గా రద్దు చేసి. విశాఖలో కాఫీ తాగిన ఇద్దరిలో ఒకమ్మాయితో ఇంకా మాట్లాడుతున్నాడని నాకు అనుమానం, ఆదివారం ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కుతున్నాడు. నాన్న ప్యాకేజీ గడువు సంక్రాంతికి అయిపోతుంది. రెన్యువల్ చెయ్యమని ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి, ఆయన ఎత్తట్లేదు.