మెక్సికో ఫెండర్ అని చెప్పి స్క్వియర్ అంటగడుతున్నారు: పాత బేస్ కొనేవాళ్ళు జాగ్రత్త

పాత బేస్ గిటార్ కోసం వెతుకుతున్నవాళ్ళు, ముఖ్యంగా ఫెండర్ జాజ్ బేస్ కోసం రూపాయి రూపాయి కూడబెట్టుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, డబ్బు పంపేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బెంగళూరులో ఒకతను స్క్వియర్ బేస్‌లకు, అంటే ఫెండర్ కంపెనీవే చౌక రకం బేస్‌లకు, ఖరీదైన ఫెండర్ పేరు అతికించి అమ్ముతున్నాడు. ఒంగోలులో మాకు బాగా తెలిసిన కుర్రాడు 52 వేలు ఇచ్చి మోసపోయాడు. ఆ మనిషి ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. పోలీసు ఫిర్యాదు పెట్టారు కాబట్టి పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తాడు. అతను వాడిన పద్ధతి తెలిస్తే మాత్రం ఎవరు వచ్చినా పట్టుకోవచ్చు.

కుర్రాడు చర్చిలో వాయిస్తాడు, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాలకూ వెళ్తాడు. ఆ ప్రోగ్రాముల డబ్బులే ఇవి. అతను చూసిన ప్రకటన ఇలా ఉంది: ఫెండర్ ప్లేయర్ జాజ్ బేస్, 2019, మేడ్ ఇన్ మెక్సికో, సన్‌బర్స్ట్ రంగు, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్ (నెక్, అంటే గిటారు మెడ మీద తీగలు నొక్కే చెక్క పలక), అర్జంటు అమ్మకం. ముందు 62 వేలన్నాడు. "మీరు దేవుని పనిలో వాయిస్తారంటున్నారు బ్రదర్, మీకైతే పదివేలు తగ్గిస్తా" అన్నాడు. ఇంట్లో ఆస్పత్రి ఖర్చులున్నాయనీ, సాయంత్రంలోగా తేల్చకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాననీ తొందరపెట్టాడు. కుర్రాడు గుడ్డిగా ఏం కొనలేదు. సీరియల్ నంబర్ అడిగి తీసుకుని ఫెండర్ కంపెనీ సైటులో కొట్టి చూశాడు. జాజ్ బేస్ అనే వచ్చింది. అందరం ఇచ్చే సలహానే పాటించాడు, అయినా మోసపోయాడు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

బేస్ బస్సు పార్సిల్‌లో వచ్చింది. యాక్షన్, అంటే ఫ్రెట్‌బోర్డ్ మీద తీగల ఎత్తు, మరీ ఎక్కువగా ఉందనీ, ఎంత తిప్పినా దిగడం లేదనీ హైదరాబాద్ తీసుకొచ్చాడు. "నెక్ ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడన్నా" అన్నాడు. నేను ఏళ్ళుగా బేస్‌ల సెటప్ చేస్తున్నాను, మెక్సికో ఫెండర్లు చాలానే విప్పాను. దీన్ని చేతిలోకి తీసుకోగానే హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు బిగించే భాగం) దగ్గర అనుమానం వచ్చింది. ముందువైపు రంగు నెక్ రంగుతో కలవడం లేదు. డీకాల్, అంటే కంపెనీ పేరున్న స్టిక్కర్, అంచు గోటికి తగులుతోంది. అదొక్కటే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు, నిజమైన ఫెండర్లలోనూ కొన్నింటికి డీకాల్ పాలిష్ పైనే ఉంటుంది. కానీ వెనక్కి తిప్పి లైటు ఏటవాలుగా పట్టి చూస్తే, సీరియల్ నంబర్ ఉన్నచోట చెక్క కొద్దిగా పల్లంగా ఉంది. ఉన్న అక్షరాలను గీకేసి, సాఫు చేసి, దాని మీద కొత్త నంబర్ అతికించారు.

తీగలు వదులు చేసి నెక్ స్క్రూలు నాలుగూ విప్పాం. ప్లేయర్ సిరీస్ నెక్ ప్లేటు మీద ఫెండర్ ఎఫ్ అక్షరం ముద్ర ఉంటుంది. దీనిది నున్నటి ఖాళీ ప్లేటు. కంట్రోల్ ప్లేటు ఎత్తితే లోపల చిన్న సైజు పాట్లు (సౌండు నాబ్‌ల కింద ఉండే భాగాలు), సన్నటి వైర్లు. తీగల కదలికను పట్టే పికప్ తీసి తిప్పితే అడుగున అడ్డంగా అతికించిన సిరామిక్ అయస్కాంతపు పట్టీ. ప్లేయర్ సిరీస్‌లో వచ్చేవి ఆల్నికో 5 అనే వేరే రకం అయస్కాంతపు పికప్‌లు. ఇక అనుమానానికి చోటు లేదు, అది స్క్వియర్ అఫినిటీ జాజ్ బేస్. కొత్తదే 30 వేల ప్రాంతంలో దొరుకుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్క్వియర్ చెడ్డ వాయిద్యం కాదు. అది ఫెండర్ వాళ్ళదే, 1982 నుంచి తక్కువ ధర గిటార్లకు వాళ్ళు వాడుతున్న పేరు. హెడ్‌స్టాక్ ఆకారం, బాడీ కొలతలు, 34 అంగుళాల స్కేలు అన్నీ ఒకే పోలికలో ఉంటాయి కాబట్టే ఈ మోసం ఇంత తేలిక. స్క్వియర్‌ను స్క్వియర్ అని చెప్పి 18 వేలకు అమ్మితే ఆ కుర్రాడే సంతోషంగా కొనేవాడు. నా కోపం చెక్క మీద కాదు, పేరు మార్చిన చేతుల మీద.

సీరియల్ నంబర్ సంగతికి వద్దాం. ఎంఎక్స్ తర్వాత వచ్చే రెండు అంకెలు తయారైన సంవత్సరం. ఎంఎక్స్19 అంటే 2019, మెక్సికో. ఇది అందరికీ తెలుసు, మోసగాడికీ తెలుసు. కంపెనీ సైటు ఆ నంబర్‌తో ఒక బేస్ తయారైందని మాత్రమే చెబుతుంది. మీ ముందున్న చెక్క ఆ బేసేనని చెప్పదు. ఆ నంబర్‌ను అలాగే మామూలుగా వెతికిస్తే, ఎప్పుడో వేరే దేశంలో అమ్మకానికి పెట్టిన తెల్ల రంగు జాజ్ బేస్ ఫోటో దొరికింది. మేపుల్ ఫ్రెట్‌బోర్డ్, అదే నంబర్. ఎవరో పాపం నిజాయితీగా పెట్టుకున్న ఫోటోలోంచి నంబర్ ఎత్తేశాడు. అందుకే రెండు పనులు చేయండి. కొనేటప్పుడు నంబర్‌ను ఫోటోలతో సహా వెతకండి. అమ్మేటప్పుడు మీ ఫోటోల్లో చివరి మూడు అంకెలు కప్పేయండి, గట్టిగా కొనే మనిషి దొరికాక వీడియో కాల్‌లో చూపించండి.

ఈ ప్రకటనలో అసలు అబద్ధం మాత్రం ఒక్క మాటలోనే బయటపడి ఉంది: రోజ్‌వుడ్. అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కింద 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతి చెట్లన్నింటి మీదా ఆంక్షలు వచ్చాయి. అమ్మకానికి దేశం దాటే రోజ్‌వుడ్ గిటార్లకు కాగితాలు కావాల్సి వచ్చేసరికి ఫెండర్ మెక్సికోలో చేసే మామూలు మోడళ్ళకు రోజ్‌వుడ్ మానేసి పావ్ ఫెర్రో అనే వేరే చెక్క వాడింది. 2019 నవంబర్‌లో తయారైన వాయిద్యాలకు సడలింపు ఇచ్చారు, అయినా ప్లేయర్ సిరీస్‌లో మార్పు రాలేదు. 2018లో మొదలైన ఆ సిరీస్ మామూలు జాజ్ బేస్‌లకు పావ్ ఫెర్రో లేదా మేపుల్, అంతే. రోజ్‌వుడ్ తిరిగొచ్చింది 2024లో, ప్లేయర్ 2 సిరీస్‌తో. కాబట్టి 2019 ప్లేయర్, రోజ్‌వుడ్ అని ఎవరైనా రాస్తే ఆ మనిషికి తన బేస్ గురించి తెలియదు, లేదా అది ఆ బేస్ కాదు. పావ్ ఫెర్రో కాస్త ఎర్రగా, లేత గోధుమ రంగులో చారలతో ఉంటుంది. కుర్రాడికి వచ్చింది ఇండియన్ లారెల్ చెక్క. స్క్వియర్‌లలో ఈమధ్య వస్తున్నది అదే.

నెక్ కూడా బాగాలేదు. నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్, చివరిదాకా బిగించేసి ఉంది, ఇంక తిరగదు. అయినా నెక్ ముందుకు వంగే ఉంది. అంటే 18 వేలకు కూడా తీసుకోదగ్గది కాదు.

అమ్మినతన్ని అడిగితే మొదట "నేనూ ఇలాగే కొన్నాను బ్రదర్" అన్నాడు. ఫోటోలు పంపాక "చూసుకుని కొనాలి, వాపసు లేదు" అన్నాడు. ఫిర్యాదు మాట ఎత్తాక, 10 వేలిస్తాను తిరిగి పంపండి అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ఖాయమైంది. నిజంగా తనూ మోసపోయి ఉంటే ఆ బేస్‌ను వెనక్కి తీసుకుని ఏం చేస్తాడు? మళ్ళీ ఇంకొకరికి అమ్ముతాడు. ఆ వారంలోనే అదే నీలం దుప్పటి మీద, అదే బాల్కనీ గచ్చు మీద తీసిన ఫోటోలతో అమెరికన్ ప్రెసిషన్ బేస్ (ఫెండర్‌దే ఇంకో మోడల్) అంటూ ఇంకో ప్రకటన కనిపించింది.

ఇక్కడ మనవాళ్ళకే ఒక మాట చెప్పాలి. విడి భాగాలతో బేస్ కట్టుకుని సరదాకి ఫెండర్ డీకాల్ వేసుకునేవాళ్ళు మనలో ఉన్నారు. నా గిటారు, నా ఇష్టం అంటారు. మీ చేతిలో ఉన్నంతకాలం నిజమే. మీరు నిజం చెప్పే అమ్ముతారు, కొన్నవాడూ నిజం చెప్పే అమ్ముతాడు, మూడో చేతికి వెళ్ళేసరికి ఆ నిజం చెప్పేవాడు ఉండడు, డీకాల్ మాత్రం ఉంటుంది. అందుకే అమ్మేముందు దాన్ని తీసేయండి. ధర రెండు వేలు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కొనేటప్పుడు చేయాల్సిన పని నా దృష్టిలో ఒక్కటే పెద్దది: డబ్బు ఇవ్వకముందే నెక్ విప్పించి చూడటం. ఓ మంచి స్టార్ స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళండి. పావుగంట పని, మళ్ళీ బిగిస్తే వాయిద్యానికి ఏ నష్టం ఉండదు. నిజాయితీగా అమ్మేవాళ్ళు మొదట మొహం చిట్లించినా ఒప్పుకుంటారు, చాలామంది వాళ్ళే విప్పి చూపిస్తారు. ససేమిరా అంటే లేచి వచ్చేయండి. దూరం ఊరైతే ఆ ఊళ్ళో వాయించేవాళ్ళను ఎవరినైనా పంపండి. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో మనకు తెలియని ఊరు లేదు. అదీ కుదరకపోతే వీడియో కాల్‌లో నెక్ విప్పమనండి. ముందే రికార్డు చేసి పంపిన వీడియోలు నమ్మవద్దు. సౌండు వినిపించే వీడియో అసలు లెక్కలోకే రాదు, కంప్యూటర్‌లో ఎలాగైనా మార్చొచ్చు.

నెక్ చూసేటప్పుడు లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కిపట్టండి. ఏడు, ఎనిమిదో ఫ్రెట్ల దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి, అంటే 0.3 మిల్లీమీటర్ల ప్రాంతం. మరీ ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందో లేదో చూపించమనండి. హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి, మెలిక తిరిగి ఉంటే రెండు అంచులూ సమాంతరంగా కనిపించవు. మెలికకు సెటప్‌తో వైద్యం లేదు. సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒక స్వరం త్వరగా చచ్చిపోతే కంగారు పడకండి, ఫెండర్ తరహా నెక్‌లలో అది మామూలే.

ఇంకోటి, అడగాల్సినవన్నీ చాట్‌లో రాసి అడగండి. ఇది మెక్సికోలో తయారైన ఫెండరేనా, నెక్, బాడీ, పికప్‌లు ఫ్యాక్టరీవేనా అని. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఈ కేసులో కుర్రాణ్ణి కాపాడుతున్నది ఆ చాటే. ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా అప్పుడే తీసిపెట్టుకోండి, గొడవ మొదలవగానే దాన్ని తీసేస్తారు. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు వచ్చే పేరు అమ్మే మనిషి పేరుతో కలవకపోతే అక్కడే ఆగండి. కుర్రాడికి వేరే పేరు కనిపించింది, "మా బావ అకౌంట్ బ్రదర్" అన్నాడట. అమ్మేవాళ్ళూ జాగ్రత్త: డబ్బు రావడానికి ఎవరూ పిన్ కొట్టాల్సిన పని లేదు. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నా, ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది అంటూ కార్డు ఫోటో పంపినా మాట కలపవద్దు.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. పాత 420 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది, స్టేషన్‌లో ఆ సెక్షనే చెప్పండి. పాత గిటారే కదా అని తేలిగ్గా తీసుకోబోతే, వస్తువు పాతదైనందుకు కాదు, లేని పేరు చెప్పి డబ్బు తీసుకున్నందుకు వచ్చామని గట్టిగా చెప్పండి.

కుర్రాడు ఆ బేస్ తిరిగి పంపలేదు. ఫిర్యాదుకు కావాల్సిన ఫోటోలన్నీ తీశాం, అన్నీ తేలేదాకా దాన్ని కదపం. తేలాక ఆ డీకాల్ గీకేసి, బాడీలో నెక్ కూర్చునే గాడి, నెక్ పాకెట్‌లో స్క్వియర్ అని మార్కర్‌తో రాసిపెడతానన్నాడు. ఈలోగా బెంగళూరు నుంచి నీలం దుప్పటి ఫోటోలు చూసి బేస్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీది బాగానే ఉందనిపించినా, నెక్ ప్లేటు, హెడ్‌స్టాక్ వెనక భాగం, విప్పిన నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) ఫోటోలు తీసి నాకు పంపండి. చాట్, డబ్బు పంపిన రసీదు చెరపవద్దు. ఇద్దరు ముగ్గురం కలిసినా ఫిర్యాదుకు బలం వస్తుంది.