ఘాట్ దిగడానికి ఈ రోడ్ బైక్ ఎలా ఉంది: బ్రేకుల కన్నా టైర్ల వల్లే ఎక్కువ ధైర్యం వచ్చింది

నాది అల్యూమినియం ఫ్రేమ్, హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులు ఉన్న రోడ్ బైక్, అంటే తారు రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్. ఎండలు, వానలు అన్నీ చూసింది. తొక్కేది ఎక్కువగా అచ్చంపేట చుట్టుపక్కల, వీలైనప్పుడు శ్రీశైలం రోడ్డు మీద. ఎక్కుడు ఎలాగూ అలవాటవుతుంది. దిగేటప్పుడు పుట్టే టెన్షన్ వల్లే చాలామంది ఘాట్ రోడ్ల జోలికి పోరు. అందుకే దిగుడు గురించే రాస్తున్నాను.

బండితో 28 మిల్లీమీటర్ల టైర్లు వచ్చాయి. షాపులో 100 పీఎస్ఐ గాలి కొట్టి ఇచ్చారు. చదును రోడ్డు మీద హాయిగానే ఉండేది. గరుకు తారు మీద దిగుతుంటే మాత్రం హ్యాండిల్ గడగడ వణికేది, చేతులు బిగుసుకుపోయేవి. టైరు మరీ గట్టిగా ఉంటే ప్రతి చిన్న ఎత్తుకూ ఎగురుతుంది. నేలను వదిలిన ఆ క్షణంలో దానికి పట్టు ఉండదు. 32 టైర్లు వేయించి, నా 70 కిలోల బరువుకు ముందు 55, వెనక 60 పీఎస్ఐ పెట్టుకున్నాక బండి రోడ్డును అంటిపెట్టుకుని దిగుతోంది. బండి మీద నమ్మకం కుదిరింది అప్పుడే. ఫ్రేములో 32 పట్టే చోటుందో లేదో కొనేముందే అడగండి.

బ్రేకులు నిజంగా బాగున్నాయి. డ్రాప్స్ (హ్యాండిల్‌లో కిందికి వంగిన భాగం) పట్టుకుని రెండు వేళ్లతో నొక్కితే చాలు. నావి పెద్ద చేతులు కావు. బ్రేకు లివర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి దాన్ని దగ్గరికి తెచ్చుకున్నాకే డ్రాప్స్ వాడటం మొదలైంది. ఒళ్లు కిందికి వంగితే బండి మరింత నిలకడగా ఉంటుంది.

నేర్చుకోవడానికి ఉమామహేశ్వరం గుట్ట రోడ్డు మంచిది. పొద్దున్నే, జాతర రోజులు కాకుండా వెళ్లండి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించి, లోపల బ్రేకు వదిలేయాలి. బయటి వైపు పెడల్ కిందికి పెట్టి దాని మీద బరువు వేయాలి, చూపు మలుపు అవతల ఉండాలి. దిగినంతసేపూ బ్రేకు పట్టుకునే ఉంటే డిస్కులు బాగా వేడెక్కిపోతాయి. గట్టిగా నొక్కి వదలడం మేలు.

శ్రీశైలం రోడ్డు మీద ఈగలపెంట నుంచి కృష్ణా నది దాకా దిగే మలుపులు వేరే సంగతి. ఎదురొచ్చే బస్సుకు మలుపు తిరగడానికి మన వైపు చోటు కూడా కావాలి. కోతులు ఎప్పుడు అడ్డం వస్తాయో తెలియదు. బ్రేకు నొక్కాక గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరానికి 60లో దాదాపు నాలుగింతలు పడుతుంది, కాబట్టి కనిపించే రోడ్డులోపల ఆగగలిగే వేగమే నా హద్దు. అదే రోడ్డు మీది మన్ననూరు అటవీ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, ప్లాన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

లోటు ఒక్కటే, సర్వీసు. బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. వానాకాలంలో బురదకు తొందరగా అరుగుతాయి, ఒక జత ఎప్పుడూ ఇంట్లో ఉంచుతాను. గొలుసుకు నూనె వేసేటప్పుడు డిస్కు మీద చుక్క పడకూడదు, పడితే పట్టు పోతుంది, కీచుమంటుంది. బ్రేకు ఆయిల్ మార్చేవాళ్లు మాత్రం మా దగ్గర నాకు దొరకలేదు, హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వస్తోంది. ఆ తిప్పలు వద్దనుకుంటే కేబుల్‌తో పనిచేసే డిస్కు బ్రేకులు తీసుకోండి. వాటిని మామూలు సైకిల్ షాపులోనూ బిగిస్తారు.