ఏసీ గేజ్ సెట్టు నాలుగు వేసవుల వాడకం: పేచీ అంతా కప్లర్ రింగుతోనే

ఆర్‌134ఏ గ్యాస్‌తో ఏసీ నడిచే చిన్న కార్లకు ఈ మ్యానిఫోల్డ్ గేజ్ సెట్టునూ (ఏసీ లోపలి ప్రెషర్ చూపే రెండు గేజ్‌లు, నాబులు, గొట్టాలు), దాంతో పాటు ఏసీ లోపలి గాలి లాగేయడానికి కొన్న టూ-స్టేజ్ వ్యాక్యూమ్ పంపునూ నాలుగు వేసవులుగా వాడుతున్నాను. పంపు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. గేజ్ ముళ్లు ఇప్పటికీ సరిగ్గా సున్నా మీదే నిలబడతాయి. నా కోపమంతా కారు పోర్టుకు తగిలించే కప్లర్ మీద, అందులోనూ లోపల దాక్కున్న చిన్న రబ్బరు రింగు మీద. లీకు ఉందో లేదో చెప్పాల్సిన సామానే లీకైతే, బాగున్న కారును విప్పిస్తుంది.

జరిగింది ఇదీ. కండెన్సర్ (గ్యాస్‌ను చల్లార్చే, రేడియేటర్ లాంటి జాలీ) మార్చి, జాయింట్లలో కొత్త ఆకుపచ్చ ఓ-రింగులకు పీఏజీ ఆయిల్ (ఏసీ కంప్రెసర్‌లో పోసే ఆయిల్) రాసి బిగించి, 45 నిమిషాలు పంపు నడిపి గేజ్ సెట్టు నాబులు రెండూ కట్టేస్తే, 20 నిమిషాల్లో నీలం గేజ్ (తక్కువ ప్రెషర్ వైపు) ముల్లు 28 అంగుళాల (పాదరసం కొలత) వ్యాక్యూమ్ నుంచి 24కు పడిపోయింది. లీకు లేకుంటే అది నిలబడాలి. (హైదరాబాద్ ఎత్తులో ముల్లు 28 దాటదు. విజయవాడలో 29 పైన చూపిస్తుంది. పంపు దండగని కంగారు పడొద్దు.) లోపల తేమ మిగిలినా ముల్లు పడుతుంది కానీ, ఒక అంగుళం పైచిలుకు పడి ఆగిపోతుంది. ఇది ఆగలేదు. జాయింట్లన్నీ కొత్తవి కాబట్టి అనుమానం నేరుగా లోపల చల్లగాలి ఇచ్చే కూలింగ్ కాయిల్ మీదికి పోతుంది. చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ దించితే గానీ అది చేతికి రాదు.

కప్లర్లను కారు నుంచి తీసి, వాటి నాబులు మూసి, గొట్టాలకు మాత్రమే వ్యాక్యూమ్ పెట్టి చూస్తే గంటసేపు ముల్లు కదల్లేదు. అంటే గేజ్ సెట్టు మంచిదే అనుకుంటాం. పొరపాటు సరిగ్గా అక్కడే. కప్లర్ నాబు మూస్తే లోపలి వాల్వు మూసుకుంటుంది. పోర్టు గొంతును పట్టుకునే రింగు ఆ పరీక్షలోకి రానే రాదు. దానికి పని పడేది కారుకు తగిలించినప్పుడే.

తేల్చింది నైట్రోజన్. రెగ్యులేటర్ పెట్టి 100 పీఎస్‌ఐ ఎక్కించి, బ్రష్‌తో సబ్బు నీళ్లు రాస్తే జాయింట్ల దగ్గర ఒక్క బుడగ లేదు. ఎర్ర (ఎక్కువ ప్రెషర్ వైపు) కప్లర్ మెడ చుట్టూ మాత్రం ఆవగింజంత బుడగలు, ఒకటి పగిలేలోపు ఇంకొకటి. రింగు బయటికి తీస్తే ఒక పక్క గోటితో గిచ్చినంత గాటు, మిగతాదంతా ఎండి గట్టిపడిపోయి ఉంది. ఎర్ర వైపు పోర్టు వేడిగా ఉంటుంది, అక్కడ కప్లర్‌ను పొడిగా, కాస్త వంకరగా నొక్కితే చాలు, రింగు తెగుతుంది. (నైట్రోజన్‌కు బదులు టైర్లకు కొట్టే గాలి ఎక్కించొద్దు, తేమ వెంట పోతుంది. ఆక్సిజన్ జోలికి అసలే వద్దు, ఆయిల్ తగిలితే పేలుతుంది.)

ఇప్పుడు తగిలించే ముందు ప్రతిసారీ రింగుకు ఒక చుక్క పీఏజీ ఆయిల్ రాసి, కప్లర్‌ను నిటారుగా టక్కుమనేదాకా నొక్కుతాను. వేసవికోసారి రెండు రింగులూ మారుస్తాను. పాతదాన్ని పంటిపుల్లతోనే తీయాలి, సూదితో గీకితే గాడి పాడవుతుంది. పాతది పట్టుకెళ్లి సైజు చూసుకుని ఏసీ స్పేర్ల షాపులోనే హెచ్‌ఎన్‌బీఆర్ (ఏసీ గ్యాస్‌కు, ఆయిల్‌కు ఆగే రబ్బరు) రింగు తీసుకోండి. నీళ్ల పైపులకు వేసే మామూలు రబ్బరు ఈ గ్యాస్‌కు ఆగదు. ఇంత ధర పెట్టి కొన్న సెట్టుతో రెండు అదనపు రింగులు ఇవ్వకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

మొదటి ఏడాది వ్యాక్యూమ్ నిలిస్తే చాలని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వ్యాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నెట్టేది 15 పీఎస్‌ఐ లోపే. 35 డిగ్రీల ఎండలో ఆగి ఉన్న కారులోనే గ్యాస్ దాదాపు 115 పీఎస్‌ఐతో బయటికి తోస్తుంది, ఏసీ నడుస్తుంటే కండెన్సర్ వైపు 200 దాటుతుంది.  అందుకే ముందు నైట్రోజన్, తర్వాత వ్యాక్యూమ్, చివర గ్యాస్. నెలల మీద కొంచెం కొంచెంగా పోయే లీకైతే 7 మిల్లీలీటర్ల యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) వేసి, కొన్నాళ్లు తిరిగాక చీకట్లో యూవీ టార్చి కొట్టి చూడటమే దారి. కారు కిందికి నీళ్లు కారే పైపు మూతిలో డై మెరిస్తే అప్పుడు అనుమానించండి కూలింగ్ కాయిల్‌ను.

గేజ్‌లను మరీ నమ్మి గ్యాస్ కొలవొద్దు. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నంతవరకు ఆగి ఉన్న కారులో ప్రెషర్ వేడిని బట్టి ఉంటుంది, గ్యాస్ ఎంతుందో చెప్పదు. బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాములే లెక్క. వంటింటి డిజిటల్ కాటా మీద డబ్బా పెట్టి, గొట్టాల్లో గాలి పోగొట్టాక నీలం వైపు నుంచి మాత్రమే ఎక్కించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర నాబు తిప్పితే ప్రెషర్ వెనక్కి తన్ని డబ్బా పగులుతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే.

ఇంట్లో రెండు పాత కార్లున్నాయి, నైట్రోజన్ సిలిండర్ అద్దెకు దొరుకుతుంది, విప్పే ముందు మిగిలిన గ్యాస్‌ను మెషిన్‌తో లాగిచ్చే షాపు దగ్గర్లోనే ఉంది. అందువల్ల నాకు ఈ సామాను గిట్టుబాటైంది. ఒక్క కారుకు ఏ మూడేళ్లకో ఒకసారైతే కొనమని చెప్పలేను. హైబ్రిడ్ కారుకైతే ఈ సెట్టు తగిలించొద్దు. వాటి కరెంటు కంప్రెసర్లలో ఎక్కువగా పీఓఈ అనే వేరే రకం ఆయిల్ ఉంటుంది, గొట్టాల్లో మిగిలిన పీఏజీ కొంచెం కలిసినా మోటారు ఇన్సులేషన్ దెబ్బతింటుంది.